ఎప్పుడో వేయించుకున్న టీకాకి ఇప్పుడెందుకమ్మా బెంగ?

ఈమధ్య పెళ్లికెళ్లినా, పరామర్శకెళ్లినా ఒకటే మాట వినబడుతోంది కదూ? ఎవరింట్లోనో ముప్ఫై ఎనిమిదేళ్ల అబ్బాయి షటిల్ ఆడుతూ కుప్పకూలిపోయాడంటారు. మనం అయ్యో అనేలోపే పక్కనుంచి ఒకావిడ, "అంతా ఆ కొవిడ్ సూదుల పుణ్యమే" అనేస్తుంది. ఇక ఆ పూట అన్నం సయిస్తుందా? మనమూ వేయించుకున్నాం మరి. మన సంగతి పోనీ, "నాకొద్దమ్మా" అంటున్న పిల్లాణ్ణి బతిమాలి, కసిరి, స్లాటు బుక్ చేసి మరీ తీసుకెళ్లింది మనమే. చేజేతులా ఏమైనా చేసుకున్నామా అని అర్ధరాత్రి దాకా ఫ్యాను చూస్తూ పడుకుంటాం. ఇంట్లో చెబితే "నీకింకేం పనిలేదా" అంటారు. అందుకే ఈ బెంగేదో మన మధ్యే తేల్చుకుందాం. టీ పెట్టుకుని ఇలా వచ్చి కూర్చో.

ముందు ఒక మాట. నీ భయం ఊరికే పుట్టిందని నేననను. 2024 ఏప్రిల్ చివర్లో ఆ వార్త వచ్చింది గుర్తుందా? తమ టీకా వల్ల చాలా చాలా అరుదుగా టీటీఎస్ అనే ఇబ్బంది రావచ్చని ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్‌లో కోర్టుకిచ్చిన కాగితాల్లో ఒప్పుకుందని. మన కొవిషీల్డ్ అదే టీకా, పుణెలో సీరమ్ వాళ్లు తయారుచేశారు. ఇంకేం, వాట్సాప్‌కి పండగే! "ఇన్నాళ్లూ దాచిపెట్టారు" అని తెల్లారేసరికి ప్రతి గ్రూపులోనూ అదే. నిజానికి అది దాచిన సంగతేం కాదు. యూరప్ మందుల సంస్థ 2021 ఏప్రిల్ 7నే బాహాటంగా చెప్పింది. అదే ఏడాది మే 17న మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా చెప్పింది, కొవిషీల్డ్ తర్వాత ఇలాంటివి పది లక్షల డోసులకి 0.61 చొప్పున కనబడ్డాయని. అంటే కోటి డోసులకి ఆరు. ఆ మే నెలలో మనం ఇలాంటివి చదివే స్థితిలో ఉన్నామా? ఎవరికి ఆక్సిజన్ దొరకలేదు, ఎవరికి బెడ్ దొరకలేదు అనే తప్ప వేరే ఆలోచనే లేదు.

మన దగ్గర లెక్కకెక్కనివి కొన్ని ఉండి ఉంటాయి, అదీ ఒప్పుకుందాం. బ్రిటన్‌లో జాగ్రత్తగా లెక్కేసిన కొద్దీ ఆ సంఖ్య పెరిగి, పది లక్షల మొదటి డోసులకి పదిహేను దాకా వెళ్లింది. ఎక్కువే చూసుకుందామన్నా పది లక్షల్లో పదిహేను.

ఇంతకీ ఈ టీటీఎస్ ఏమిటి? డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లు మనందరికీ పరిచయమే. టీకా తర్వాత అతి కొద్దిమందిలో శరీరం తన ప్లేట్‌లెట్లకి సంబంధించిన ఒక ప్రోటీన్ మీదే తిరగబడుతుంది. దాంతో ఒకపక్క ప్లేట్‌లెట్లు పడిపోతూ, ఇంకోపక్క రక్తం గడ్డకడుతుంది. మెదడు నుంచి రక్తం తీసుకొచ్చే నాళాల్లో గడ్డకడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పుడు అసలు సంగతి విను. ఇది వచ్చేది టీకా వేసిన నాలుగైదు రోజుల నుంచి నెల, మహా అయితే నెలన్నర లోపు. నువ్వు టీకా వేయించుకుని ఎన్నేళ్లయింది తల్లీ? ఎప్పుడో క్షేమంగా దిగిపోయిన బస్సుకి ఇప్పుడు యాక్సిడెంటవుతుందేమోనని వణికితే ఎలా?

కాబట్టి రెండు పనులు మానెయ్. ఒకటి, గడ్డలేమైనా ఉన్నాయేమో చూద్దామని ల్యాబుకెళ్లి డీ-డైమర్ పరీక్ష చేయించుకోవడం. ఒంట్లో ఏ బాధా లేకుండా ఆ పరీక్ష చేయిస్తే, వందకారణాల్లో దేనివల్లయినా అది కాస్త పెరిగి కనబడొచ్చు, దాంతో లేని జబ్బు తెచ్చుకుని కూర్చుంటాం. రెండు, పక్కింటి అన్నయ్యగారు వేసుకుంటున్నారని రక్తం పలచబడే మాత్రలు మనమూ మొదలుపెట్టడం. ఇది మాత్రం గట్టిగానే చెబుతున్నా, డాక్టరు రాయకుండా ఆ మాత్ర ముట్టుకోవద్దు. కడుపులో పుండై రక్తస్రావం జరిగితే దానికి టీకాని తిట్టి లాభం లేదు.

"అయినా అక్కా, ఆ రిస్కు అప్పుడే తెలిసుంటే వేయించుకునేదాన్ని కాదేమో" అంటావా? అప్పుడు రెండోవైపు ఏముందో కూడా చూడాలి కదమ్మా. ఈ విషయంలో నాకు బ్రిటన్ వాళ్లు చేసిన పని నచ్చుతుంది. సొంత దేశంలో పుట్టిన టీకానే అయినా, 2021 ఏప్రిల్‌లో ముప్ఫై లోపు వాళ్లకి, మే నెలకల్లా నలభై లోపు వాళ్లకి వేరే టీకా ఇద్దామన్నారు. ఎందుకంటే అప్పటికి అక్కడ జబ్బు తగ్గుముఖం పట్టింది, కుర్రాళ్లకి కొవిడ్ వల్ల ప్రాణాపాయం తక్కువ, పైగా ఫైజర్ లాంటివి చేతిలో ఉన్నాయి. నలభై, ఆపైన వయసు వాళ్లకి మాత్రం అదే టీకా కొనసాగించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ మన పరిస్థితేమిటి? రెండో వేవ్ ఇంటింటికీ వచ్చేసింది. కొవిషీల్డ్ లేదంటే మన హైదరాబాదు భారత్ బయోటెక్ వాళ్ల కొవాగ్జిన్, అదీ దొరికితే. తెల్లవారుజామునే టోకెన్ల కోసం లైన్లో నిలబడ్డాం. టీకా వల్ల వచ్చే గడ్డల కంటే కొవిడ్ వల్ల వచ్చే గడ్డలే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ రోజున, ఆ ఊళ్లో, ఆ వయసులో, ఆ భయం మధ్య మనం తీసుకున్నది సరైన నిర్ణయమే. నాకైతే ఇందులో అనుమానం లేదు.

లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2022లో ఒక అంచనా వేశారు. టీకాలు మొదలైన మొదటి ఏడాదిలో ఒక్క మన దేశంలోనే దాదాపు 42 లక్షల మరణాలు తప్పాయట. అంచనాయే అనుకో, కానీ చిన్న సంఖ్య కాదు. చిక్కేమిటంటే, టీకా వల్ల పోయాడని చెప్పుకునే మనిషికి గోడమీద ఫొటో ఉంటుంది. టీకా వల్ల బతికిన మనిషి అటు హాల్లో కూర్చుని ఉప్మాలో ఉప్పు తక్కువైందని గొణుగుతూంటాడు. ఆయన బతికింది దానివల్లేనని ఆయనకీ తెలియదు, మనకీ తెలియదు.

అలాగని నిజంగా నష్టపోయిన వాళ్ల బాధని "కోటికి ఆరేగా" అని కొట్టిపారేయకూడదు. ఆ ఆరుగురిలో ఒకరు మన ఇంటి బిడ్డ అయితే లెక్కలన్నీ ఒక్కటే. టీకా తర్వాత కూతుళ్లని పోగొట్టుకున్న తల్లిదండ్రులు విచారణ కోసం, పరిహారం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. వాళ్లడిగింది న్యాయమైన మాటే అని నా అభిప్రాయం. దేశం కోసం వేయించుకోమన్నప్పుడు, దెబ్బ తిన్నవాళ్లని చూసుకునే బాధ్యతా ఉంటుందిగా.

మరి ఈ కుర్రాళ్ల గుండెపోట్ల మాటేమిటి? దీని మీదే భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, 47 ఆసుపత్రుల నుంచి సమాచారం తీసుకుని 2023లో ఫలితం ప్రకటించింది. ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయిన 18 నుంచి 45 ఏళ్ల వాళ్లని, అదే వయసులో బతికున్న వాళ్లతో పోల్చి చూశారు. టీకా వల్ల ముప్పు పెరిగిన దాఖలా లేదు. పైపెచ్చు రెండు డోసులూ వేసుకున్నవాళ్లలో ముప్పు తగ్గింది. పెరిగింది ఎవరిలో అనుకున్నావ్? గతంలో కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లలో, కుటుంబంలో ఇలాంటి ఆకస్మిక మరణాలున్నవాళ్లలో, చనిపోయే ముందు రెండు రోజుల్లో అతిగా తాగినవాళ్లలో, ఒళ్లు హూనమయ్యేలా వ్యాయామం చేసినవాళ్లలో.

ఇక్కడ మనం చేయగలిగిన పని బోలెడుంది. మీ అబ్బాయికి ముప్ఫై దాటిందా? టీకా సంగతి పక్కనపెట్టి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించు. మీ మామగారో, వాళ్ల అన్నదమ్ములో చిన్నవయసులోనే హఠాత్తుగా పోయి ఉంటే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. మనం అశుభమని ఇంట్లోనే నోరెత్తం, డాక్టరు దగ్గర అసలే ఎత్తం. జిమ్ముకెళ్తానంటే వెళ్లనీ, కానీ వారమంతా కుర్చీలో కూర్చుని, శనివారం పార్టీ చేసుకుని, ఆదివారం పొద్దున్నే వంద కిలోలెత్తుతానంటే మాత్రం చెవి మెలిపెట్టు. ఛాతీలో బరువు, ఎడమచేతి లాగుడు, చెమటలు కనబడితే గ్యాసనుకుని సోడా తాగించకుండా 108కి ఫోన్ చెయ్యి.

అమెరికాలో పిల్లలున్న అక్కచెల్లెళ్ల బెంగ ఇంకో రకం. అక్కడ ఎక్కువగా ఫైజర్, మోడెర్నా వేశారు. వాటితో పడుచు మగపిల్లల్లో కొందరికి, ముఖ్యంగా రెండో డోసు తర్వాత వారం లోపల, గుండె కండరానికి వాపు వచ్చిన మాట నిజం. అరుదే, చాలామందికి తగ్గిపోయింది కూడా. ఒకసారి అలా వచ్చిన అబ్బాయి మాత్రం మళ్లీ డోసు వేయించుకునేముందు గుండె డాక్టరుని అడగాల్సిందే. కడుపుతో ఉన్న అమ్మాయి విషయం వేరు. అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం 2025లోనూ గర్భిణులకి టీకా మంచిదనే అంది. మనం ఇక్కడ్నుంచి వీడియో కాల్లో వద్దని ఏడవకుండా, ఆ పిల్లని చూసే డాక్టరుకే ఆ మాట వదిలేద్దాం. మన దేశంలోనూ 2021 జులై 2 నుంచి గర్భిణులకి అనుమతి ఇచ్చారు, మర్చిపోయామా?

ఇక్కడ మనకి ఇంకో డోసు కావాలా అంటే, ఆరోగ్యంగా ఉన్న నలభై ఏళ్ల మనిషి దానికోసం పరిగెత్తక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే, డయాలసిస్ మీదున్నవాళ్లుంటే, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లుంటే వాళ్ల డాక్టరుని ఒకసారి అడుగు.

నా అసలు భయం వేరే ఉంది. కొవిడ్ టీకా మీద కోపం చంటిపిల్లల టీకాల మీదికి మళ్లుతోంది. "ఇంక ఏ సూదీ వేయించం" అనే కోడళ్లని చూస్తున్నా. తట్టు టీకా మానేస్తే తట్టు ఊరుకుంటుందా? తొమ్మిది నెలలు నిండాక ఒకటి, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, రెండూ పడాల్సిందే.

ప్రశ్నలు అడగొద్దని చెప్పట్లేదు. అడగకపోతే ఏమవుతుందో మన ఖమ్మమే చూసింది. 2009లో అక్కడ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారని 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో తేలిందేమిటంటే, ఆ మరణాలకి టీకాతో సంబంధం లేదు. పాముకాటు, నీళ్లలో మునగడం, మలేరియా ఇలాంటివి కారణాలు. కానీ హాస్టళ్లలో ఉన్న పిల్లల తరఫున తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేసేశారన్నది నిజమని తేలింది. టీకా మంచిదే, అడిగిన పద్ధతి తప్పు. ఆ రెండూ కలిసిపోయి ఎంతమంది తల్లులు ఆ టీకాకే దూరమయ్యారో!

అందుకని ఈసారి పిల్లని తీసుకెళ్లినప్పుడు సిస్టర్‌ని నింపాదిగా అడుగు. ఇది ఏ జబ్బుకి? వేశాక ఏమొస్తే మామూలు, ఏమొస్తే మళ్లీ రావాలి? ఎన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలి? విసుక్కుంటే విసుక్కోనీ, అరగంట అక్కడే కూర్చుని చూసుకుని, కార్డు మీద తేదీ రాయించుకుని రా. వచ్చేటప్పుడు మీ ఆయన బీపీ కూడా చూపించుకురా, ఆయన తనంతట తను వెళ్లే రకం కాదుగా.