వచ్చిండు, రాలే: పిల్లల ఇంగ్లిష్‌కు ఇంటి ఆసరా

ఉద్యాన విశ్వవిద్యాలయం, ఫారెస్ట్ కాలేజీ రెండూ మన సిద్దిపేట జిల్లా ములుగులోనే ఉన్నాయి. అక్కడ పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే. 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ 1 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ‘మాకే రాదు, పిల్లలకేం చెప్తం?’ అని దిగులుపడే అమ్మానాన్నలకే ఈ నాలుగు మాటలు. క్రియల కాలాల దగ్గర మీ తెలుగే పిల్లలకు పెద్ద ఆసరా.

‘హి డిడ్ నాట్ కేమ్’ అంటారు పిల్లలు. అయిపోయిన పని కదా, ‘కేమ్’ ఉండాలనుకుంటారు. కోప్పడకండి. ‘వచ్చిండు’ కాకపోతే ఏమంటవని అడగండి. ‘రాలే’ అంటారు. ‘వచ్చిండులే’ అని ఆ అర్థంలో ఏ పిల్లా అనదు. కాలం సంగతి ‘లే’ చూసుకుంటుంది, క్రియ ‘రా’గానే ఉంటుంది. ఇంగ్లిష్‌లోనూ అంతే. కాలాన్ని ‘డిడ్’ మోస్తుంది, ‘కమ్’ మారదు. ఈ ఒక్కటి పట్టుబడితే సగం భయం పోతుంది.

ఇంకో చిక్కు మన అలవాటు వల్ల వస్తుంది. ‘రోజూ బడికి పోత’, ‘రేపు సిద్దిపేట పోత’ అని రెండింటికీ ఒకే మాట వాడతాం. ఇంగ్లిష్‌లో రోజూ చేసేదానికి ‘గో’, రేపటిదానికి ‘విల్ గో’. రోజూ పోయేదానికి ‘ఐ యామ్ గోయింగ్’ అంటే మెల్లగా దిద్దండి. అలాగే మన ‘తిన్న’ నిన్నటిదానికీ, ఇప్పుడే అయినదానికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో నిన్నటిదైతే ‘ఏట్’, ఇప్పుడే అయితే ‘హావ్ ఈటెన్’.

రాత్రి అన్నం తినేటప్పుడు తెలుగులోనే అడగండి: ఇయ్యాల బడిల ఏమైంది? రోజూ పొద్దున ఏం చేస్తవు? చెప్పిన రెండు మూడు మాటలే ఇంగ్లిష్‌లో చెప్పమనండి. మధ్యలో ఆపకుండా పూర్తిగా వినండి. ‘గో, వెంట్, గాన్’ పట్టీ నేర్వాల్సిందే కానీ, రోజుకు కొన్నే, అవీ వాక్యంలో పెట్టి. ‘కట్’, ‘పుట్’ ఆ పట్టీలోని మూడు రూపాల్లోనూ మారవు. ‘రీడ్’ రాతలో మారకున్నా, గడిచిన కాలంలో ‘రెడ్’ అని పలుకుతారు. పిల్ల అట్లా చదివితే తప్పనకండి.

సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉంటాయి. మీరు తెలుగు వాక్యం చదవండి, దాని క్రియను అవతలి పేజీలో పిల్లనే వెతకనివ్వండి. దొరకకపోతే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, మర్నాడు టీచర్‌ను అడగమని పంపండి.