టెస్టులు రాస్తే చాలదు.. వేళకు నడపాలి!

అమీర్‌పేటలో కోర్సు చేసినా, ఇంట్లో వీడియోలు చూసి నేర్చుకున్నా ఆటోమేషన్ టెస్టింగ్ ఫ్రెషర్ల రెజ్యూమెల్లో ఎక్కువగా కనిపించేవి సెలీనియం, జావా, పైథానే. అయితే ‘మీ టెస్టులు ఎప్పుడు నడుస్తాయి? ఫెయిలైతే ఎవరికి, ఎలా తెలుస్తుంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది తడబడతారు. ఎవరో ఒకరు కూర్చుని రన్ బటన్ నొక్కితే తప్ప కదలని స్క్రిప్టుతో టీముకు ఒరిగేది తక్కువ. టెస్టులను షెడ్యూల్ చేయడం, వచ్చిన ఫలితాన్ని సరిగ్గా చదవడం నేర్చుకుంటే ఫ్రెషర్‌గానే మీకో ప్రత్యేకత వస్తుంది.

ఏది ఎప్పుడు?

కోడ్ మారిన ప్రతిసారీ టెస్టులన్నీ నడిపితే డెవలపర్ ఫలితం కోసం గంటల తరబడి ఎదురుచూడాలి. అందుకే టీములు వీటిని వేళలవారీగా విడదీస్తాయి.

- స్మోక్ టెస్టులు: లాగిన్, సెర్చ్, పేమెంట్ లాంటి కీలకమైనవి. కోడ్ చేరిన ప్రతిసారీ నడిచి, నిమిషాల్లో ముగియాలి.
- రిగ్రెషన్: పాత ఫీచర్లన్నీ చెక్కుచెదరలేదని చూసే పెద్ద సూట్. సర్వర్లు ఖాళీగా ఉండే రాత్రివేళ నడిపితే పొద్దున్నే రిపోర్టు సిద్ధం.
- లోడ్ టెస్టులు, రకరకాల బ్రౌజర్లలో పరీక్షలు: ఎక్కువ సమయం పడతాయి కాబట్టి వారాంతాల్లో.

ఈ విభజనకు జావాలో వాడే టెస్ట్‌ఎన్‌జీలో గ్రూపులు, పైథాన్‌లో వాడే పైటెస్ట్‌లో మార్కర్లు ఉన్నాయి. టెస్టు రాసేటప్పుడే ఏ గుంపుదో గుర్తు పెట్టడం అలవాటు చేసుకోండి.

క్రాన్‌లో ఐదు గడులు

షెడ్యూల్‌కు యూనిక్స్ నుంచి వచ్చిన క్రాన్ పద్ధతే ఆధారం. నిమిషం, గంట, తేదీ, నెల, వారం.. వరుసగా ఐదు గడులు. ‘0 2 * * 1-5’ అంటే సోమవారం నుంచి శుక్రవారం వరకు రాత్రి 2 గంటలకు అని.

దీన్నే టెస్టులను వేళకు నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో రాస్తే మన దగ్గర ఉదయం 7.30కి మొదలవుతుంది. కారణం, అది మామూలుగా యూటీసీ లెక్కన నడుస్తుంది. మన కాలమానం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి మన రాత్రి 2 గంటలకే నడవాలంటే ‘30 20 * * 0-4’ అని రాయాలి. గంటతోపాటు వారం కూడా ఒకరోజు వెనక్కి జరిగింది చూడండి. ఇక్కడ 0 అంటే ఆదివారం.

ఇలాంటిదే మరో టూల్ జెంకిన్స్‌లో నిమిషం గడిలో ఇంగ్లిష్ అక్షరం ‘హెచ్’ పెట్టే వీలుంది. అప్పుడు ఒక్కో జాబ్‌కు ఒక్కో నిమిషం కేటాయిస్తుంది. అన్నీ ఒకేసారి మొదలై సర్వర్ మీద భారం పడదు.

రిపోర్టు చదవడమే అసలు పని

ఎరుపు రంగు కనిపించగానే బగ్ రాసేయకూడదు. లోపం అప్లికేషన్‌లో ఉందా, సర్వర్‌లోనా, డేటాలోనా, స్క్రిప్టులోనా తేల్చుకోవాలి. ఉదాహరణకు, రెండు సూట్లు ఒకే యూజర్ ఐడీతో ఒకే సమయంలో లాగినయ్యాయనుకోండి. ఒకటి కార్టులో వస్తువు చేరుస్తుంటే రెండోది ఖాళీ చేస్తుంది. రాత్రి ఫెయిలైన టెస్టు పొద్దున విడిగా నడిపితే పాసవుతుంది. మళ్లీ నడిపి పాసైందని వదిలేస్తే మర్నాడూ అదే తంతు. ప్రతి రన్‌కూ వేరే డేటా ఇవ్వడమే పరిష్కారం. కోడ్‌లో ఏ మార్పూ లేకపోయినా ఇలా ఫలితం మారే టెస్టులను ‘ఫ్లేకీ’ అంటారు. వీటిని పట్టించుకోకపోతే టీముకు రిపోర్టు మీదే నమ్మకం పోతుంది.

మరో సంగతి.. రిపోర్టు రాలేదంటే అంతా బాగున్నట్టు కాదు. అసలు రన్ మొదలే కాకపోయి ఉండొచ్చు.

ఇప్పుడే మొదలుపెట్టండి

గిట్‌హబ్‌లో పబ్లిక్ రిపోజిటరీలకు టెస్టులు నడిపే మామూలు రన్నర్లు (సర్వర్లు) ఉచితం. ఏదైనా ప్రాక్టీస్ వెబ్‌సైట్‌పై పది పదిహేను టెస్టులు రాసి, రోజూ రాత్రి నడిచేలా పెట్టండి. ఈ జాగ్రత్తలు గుర్తుంచుకోండి.

- షెడ్యూల్ డిఫాల్ట్ బ్రాంచ్‌లో ఉంటేనే పనిచేస్తుంది.
- గంట మొదట్లో రద్దీ వల్ల రన్ ఆలస్యం కావచ్చు. 0 బదులు 17 లాంటి నిమిషం ఎంచుకోండి.
- పబ్లిక్ రిపోజిటరీలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే షెడ్యూల్ ఆగిపోతుంది.

ఫెయిలైన ప్రతి టెస్టుకూ తేదీ, కారణం, చేసిన సవరణ రీడ్‌మీ ఫైల్‌లో రాసుకోండి. రెండు నెలల తర్వాత ఆ లింకును రెజ్యూమెలో పెట్టండి. సర్టిఫికెట్ మీరు కోర్సు పూర్తిచేశారని మాత్రమే చెబుతుంది. రోజూ నడుస్తున్న ఈ ప్రాజెక్టు, కారణాలు రాసిన ఆ చిట్టా మీరు పని చేయగలరని చూపిస్తాయి.