ఫ్లాట్ అమ్మేసి పిల్లల దగ్గరికి వెళ్ళిపోవాలా?

ప్రశ్న: మావారికి 69, నాకు 65. మాది ఒంగోలు. అబ్బాయికి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చిందని మావారు బ్యాంకులో బదిలీ పెట్టించుకుని 2006లో హైదరాబాద్ వచ్చారు. కొండాపూర్‌లో ఫ్లాట్ కొన్నాం. రెండేళ్ళకే వాణ్ణి కంపెనీ డాలస్ పంపింది. నిరుడు పౌరసత్వం వచ్చింది. ఇప్పుడు "మీకు గ్రీన్‌కార్డ్‌కి పెడతాను, ఫ్లాట్ అమ్మేసి వచ్చేయండి. పిల్లల్ని చూసుకున్నట్టూ ఉంటుంది, మీకు మేం ఉన్నట్టూ ఉంటుంది" అంటున్నాడు. మనవలకు తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు. మావారు సరేనన్నారు. నాకే ఎటూ తేలడం లేదు. వద్దంటే కొడుకు మీద ప్రేమ లేనట్టా?
– ఒక గృహిణి, కొండాపూర్

జవాబు: లేనట్టు కాదమ్మా. ఆ అపరాధ భావాన్ని ముందు పక్కన పెట్టండి. అది ఉన్నంతసేపూ ఏ లెక్కా సరిగ్గా వెయ్యలేరు. కొండాపూర్, మియాపూర్, నల్లగండ్ల, మణికొండ అపార్ట్‌మెంట్లలో ఇదే ప్రశ్న ఇంటింటా ఉంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ మొదలయ్యాక పిల్లల ఉద్యోగాల వెంట జిల్లాల నుంచి ఇక్కడికి చేరిన తల్లిదండ్రులు ఎందరో. ఆ పిల్లల్లో చాలామంది మరో విమానం ఎక్కేశారు, పెద్దవాళ్ళు మిగిలారు. అందుకే మీ ఒక్కరికి రాస్తున్నట్టు కాకుండా కాస్త విస్తారంగా రాస్తున్నాను.

రిటైరయ్యాక దేశం విడిచేవాళ్ళు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. బ్రిటన్ పెన్షనర్లు ఎండ కోసం స్పెయిన్ వెళ్తారు. అమెరికన్లు తమ పెన్షన్ ఎక్కువ రోజులు రావాలని మెక్సికోకో పోర్చుగల్‌కో వెళ్తారు. వాళ్ళది ఖర్చు తక్కువ దేశానికి ప్రయాణం, సొంత డబ్బుతో, సొంత ఇంట్లో బతుకు. మనవాళ్ళది సరిగ్గా తలకిందులు. రూపాయల పెన్షన్‌తో డాలర్ల దేశానికి వెళ్తారు, కొడుకు ఇంట్లో, కోడలి వంటింట్లో ఉంటారు. వెళ్ళడానికి కారణం ఒక్కటే, పిల్లలు అక్కడున్నారు. ఇది చిన్న కారణం కాదు, దాన్ని తక్కువ చేయను. కానీ వెళ్ళేది మనుషుల కోసమైనప్పుడు ఊరు బాగుందా లేదా అన్నది రెండో సంగతి. ఎవరికి ఎవరి అవసరం, ఎన్నేళ్ళ పాటు అన్నది మొదటి సంగతి.

మీ అబ్బాయి మాటలో రెండు అవసరాలు కలిసిపోయాయి. పిల్లల్ని చూసుకోవడం వాళ్ళ అవసరం. వయసు మీద పడ్డాక పక్కన మనిషి ఉండడం మీ అవసరం. ఈ రెండూ ఒకే కాలంలో రావు. చిన్నవాడికి ఆరేళ్ళంటే ఇంకో ఆరేళ్ళకు వాడికి స్కూలు బస్సు దగ్గర ఎదురుచూసే నానమ్మ అక్కర్లేదు. అప్పటికి మీకు 71, ఆయనకు 75. మోకాళ్ళూ బీపీ మొదలై మీ అవసరం పెరిగేది సరిగ్గా అప్పుడు. భార్యాభర్తలిద్దరూ ఎనిమిదింటికి ఆఫీసులకు వెళ్తారు, మనవలు స్కూలుకు వెళ్తారు, సాయంత్రం ఆరు దాకా ఆ పెద్ద ఇంట్లో మీరిద్దరే. కొడుకు చెడ్డవాడై ఇలా జరగదు. వాడు ఎంత మంచివాడైనా ఇలాగే జరుగుతుంది. ప్రయాణాలు నిర్ణయమయ్యేది మొదటి అవసరాన్ని చూసి, బాధలు వచ్చేది రెండో అవసరం దగ్గర. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే.

ఇక చట్టం సంగతి. 21 ఏళ్ళు దాటిన అమెరికా పౌరుడు తల్లిదండ్రులకు దరఖాస్తు పెట్టొచ్చు. ఈ వరసకు ఏడాదికి ఇన్నే అన్న పరిమితి లేదు. కాబట్టి ఈ ఏడు పెట్టకపోతే క్యూలో వెనకబడిపోతామన్న కంగారు అక్కర్లేదు. కార్డు వచ్చాక అసలు చిక్కు వైద్యం. 65 దాటినవాళ్ళకు ప్రభుత్వమిచ్చే బీమా మెడికేర్. కొత్తగా వెళ్ళినవాళ్ళు అందులో చేరాలంటే వరసగా ఐదేళ్ళు అక్కడ నివాసం ఉండాలి. అక్కడ ఉద్యోగం చేసి పన్ను కట్టిన చరిత్ర మీ ఇద్దరికీ లేదు గనక ఆసుపత్రి భాగం ఉచితంగా రాదు. దానికే ఒక్కొక్కరికి నెలకు 500 డాలర్లకు పైగా కట్టాలి, డాక్టర్ల భాగానికి మళ్ళీ వేరే. ఆ ఐదేళ్ళలోపు ప్రైవేటు బీమా కొనుక్కోవాల్సిందే, మీ వయసుకు ప్రీమియం బరువుగానే ఉంటుంది. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. మంచాన పడితే స్నానం చేయించి, తినిపించే మనిషికి గానీ, అందుకోసం ఎక్కువకాలం నర్సింగ్ హోమ్‌లో ఉంచడానికి గానీ మెడికేర్ డబ్బివ్వదు. ఏ భయంతో బయలుదేరుతున్నారో ఆ భయానికే అక్కడి బీమాలో జవాబు లేదు.

"సరే, మరి ఐదేళ్ళ గడువుందంటే త్వరగా వెళ్ళడమే మంచిది కదా?" అని మీవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చివరి రోజులు అక్కడే గడపాలని ఇద్దరూ నిశ్చయించుకుంటే 76లో వెళ్ళేకంటే 69లో వెళ్ళడమే మేలు, ఆ మాట ఒప్పుకుంటాను. నేను గట్టిగా వద్దనేది మధ్యే మార్గాన్ని. గ్రీన్‌కార్డ్ తీసుకుని ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ ఉందామనుకునేవాళ్ళే ఎక్కువ. అది ఉండటానికి ఇచ్చే కార్డు, వచ్చిపోవడానికి కాదు. రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటి బయటుంటే కార్డు నిలవదు. మాటిమాటికీ నెలల తరబడి ఇండియాలో గడిపితే అసలు మీ నివాసం ఎక్కడని విమానాశ్రయంలో అధికారి అడుగుతాడు. ఇక్కడ సగం, అక్కడ సగం ఉండాలనుకుంటే విజిటర్ వీసాయే నయం. ఉంటే ఉన్నట్టు ఉండండి, లేకపోతే ఆ కార్డు జోలికే వెళ్ళకండి.

ఇప్పుడు మీ దినచర్య మాట. కొండాపూర్‌లో పొద్దున బొటానికల్ గార్డెన్‌లో నడిచి వస్తారు. సికింద్రాబాద్‌లో పని ఉంటే 10హెచ్ బస్సెక్కుతారు. మందుల షాపు, కూరగాయల బండి, గుడి, ఎదురింటావిడ, అన్నీ ఎవరినీ అడగకుండా మీ కాళ్ళతో చేరుకునేవే. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు బాగా స్థిరపడిన ఫ్రిస్కో లాంటి ఊరికి డాలస్ రవాణా సంస్థ సిటీ బస్సు లేదు. అక్కడ కార్యసిద్ధి హనుమాన్ ఆలయం ఉంది, తెలుగు సంఘాలున్నాయి, సరుకులు దొరుకుతాయి, మాట్లాడేవాళ్ళకీ కొదవ లేదు. కానీ ప్రతిదానికీ ఎవరో ఒకరు కారు తియ్యాలి. గుడికి తీసుకెళ్ళమని కొడుకును శనివారం దాకా ఆగి అడగాల్సి రావడం మొదటి నెలలో ముచ్చటగా ఉంటుంది. రెండో ఏడాదికి అడగడమే మానేస్తారు. ఒంగోలు విడిచినప్పుడు ఈ కష్టం లేదు. భాష మారలేదు, ఆయన ఉద్యోగం ఆయనకుంది, ఇల్లు మీ పేరు మీదుంది. ఒకసారి వలస వచ్చి తట్టుకున్నాం గదా, ఇంకోసారి కూడా తట్టుకుంటామన్న ధైర్యం అందుకే సరిపోదు.

ఒక అభ్యంతరం మాత్రం నిజంగా బరువైనది. ఇద్దరిలో ఒకరు పోతే? హైటెక్ సిటీ చుట్టూ పెద్ద ఆసుపత్రులున్నాయి, ఫోన్ చేస్తే 108 వస్తుంది. కానీ అడ్మిషన్ కౌంటర్ దగ్గర "పేషెంట్ తరఫు మనిషి ఎవరు?" అన్న ప్రశ్నకు ఆ హంగులేవీ జవాబు చెప్పవు. ఒంటరిగా మిగిలిన మనిషికి కొడుకు దగ్గర ఉండటం అవసరమే, అప్పుడు వెళ్ళడంలో తప్పులేదు. కానీ ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్న ఈ రోజున, ఆ రోజు కోసమని ఫ్లాట్ అమ్మేయడం తప్పు. ఫ్లాట్ అద్దెకివ్వండి, అమ్మకండి. అమ్మిన డబ్బు కొడుకు ఇంటి లోనులోకి వెళ్తుంది, మీకు తిరిగి రావడానికి చోటుండదు. చోటున్న మనిషి కోడలితో మాటామాటా వచ్చిన రోజున కూడా నిబ్బరంగా ఉండగలుగుతుంది. ఇంకొక మాట, ఇది మీవారికి. "సరే" అన్నది మీరు, అక్కడ మూడు పూటలా వంటింట్లో నిలబడేది ఆవిడ. ఆవిడ నోటితో సరే అనే దాకా మీ సరేకు విలువ లేదు. ముందు విజిటర్ వీసా మీద ఒక చలికాలం మొత్తం అక్కడ ఉండి రండి. వేసవి సెలవుల్లో, అందరూ ఇంట్లో ఉన్నప్పుడు చూసి నిర్ణయించకండి.

ప్రశ్న: నా విజిటర్ వీసా పదేళ్ళది. అమ్మాయి దగ్గర ఏడాది ఉండొచ్చా?
– కూకట్‌పల్లి

జవాబు: వీసా ఎన్నేళ్ళదైనా, దిగినప్పుడు ఐ-94లో వేసిన తేదీ దాకే ఉండాలి, మామూలుగా అది 6 నెలలు. ఇంకా ఉండాలంటే ఆ తేదీ దాటకముందే పొడిగింపుకు అర్జీ పెట్టాలి.

ప్రశ్న: న్యూజెర్సీలో హెచ్-1బీ మీద పనిచేస్తున్నాను. మియాపూర్‌లో అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. నాన్నకు 74, గుండెకు స్టెంట్ వేశారు. మా దగ్గరికి వచ్చి ఉండిపొమ్మంటే మొండిగా రానంటారు. ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించకండి. ఇవ్వలేనిదాన్ని ఇస్తానంటున్నారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు తల్లిదండ్రులను శాశ్వతంగా తెచ్చుకోలేరు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు కూడా తెచ్చుకోలేరు, పౌరుడికే ఆ హక్కు. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డ్‌కు ఇండియాలో పుట్టినవాళ్ళ క్యూ పదేళ్ళు దాటి సాగుతోంది, ఆ తర్వాత పౌరసత్వానికి మరో ఐదేళ్ళు. మీ నాన్నగారికి అప్పటికెన్నేళ్ళో లెక్క కట్టుకోండి. విజిటర్లకు దొరికే బీమాలు ముందునుంచీ ఉన్న జబ్బులను సాధారణంగా పక్కన పెడతాయి. స్టెంట్ ఉన్న మనిషి అక్కడ ఒక్క రాత్రి ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు మీ పొదుపంతా తినేస్తుంది. ఆయనది మొండితనం కాదు, సరైన అంచనా. మీరు చేయగలిగిన పనులు వేరే ఉన్నాయి. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్ళి సంతకం పెట్టగల ఇద్దరు మనుషులు మియాపూర్‌లో ఎవరో తేల్చండి, వాళ్ళతో మీరే నేరుగా మాట్లాడండి. అమ్మానాన్నల బ్యాంకు ఖాతా "ఈదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో ఉందో లేదో చూడండి. చాలా ఇళ్ళలో ఖాతా ఆయనొక్కడి పేరు మీదే ఉంటుంది, ఆవిడకు ఏటీఎం పిన్ కూడా తెలియదు. వీడియో కాల్‌లో గుండె సంగతి అడిగినట్టే ఈ సంగతీ అడగండి. ఇంకొకటి కూడా ఆలోచించండి, కోప్పడకండి. పెద్ద అమెరికన్ కంపెనీలు చాలావాటికి గచ్చిబౌలి, నానక్‌రాంగూడలలో ఆఫీసులున్నాయి. ఆయనకు 74, మీకు నలభై లోపు అనుకుంటాను. కదలడం ఎవరికి తేలిక? పిల్లల చదువు పాడవుతుందంటారేమో. వయసులో చిన్నవాళ్ళు కొత్త స్కూలుకు అలవాటు పడినంత తేలిగ్గా 74 ఏళ్ళ మనిషి కొత్త దేశానికి అలవాటు పడడు.

ప్రశ్న: నాకూ మావారికీ గ్రీన్‌కార్డ్ వచ్చింది. ఇక్కడి ఫిక్స్‌డ్ డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు అలాగే ఉంచుకోవచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయిని, తెల్లాపూర్

జవాబు: ఉంచుకోవచ్చు, దాచకూడదు. కార్డు చేతికి వచ్చి అక్కడ ఉంటున్నప్పటి నుంచి ఇక్కడి వడ్డీ, పెన్షన్, అద్దె అన్నీ అక్కడి పన్ను లెక్కలో చూపాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ మినహాయింపు అడగొచ్చు. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ప్రతి ఏటా ఆ వివరం విడిగా దాఖలు చేయాలి, ఇది మరిచిపోతే జరిమానాలు భారీగా ఉంటాయి. మన మ్యూచువల్ ఫండ్ల మీద అక్కడి పన్ను నియమాలు చాలా కఠినం గనక వెళ్ళేముందే రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌ను కలవండి. ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించాలి. ప్రవాసులయ్యాక సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో కొత్త ఖాతా తెరవలేరు. ఊళ్ళో పొలం ఉంటే ఉంటుంది, కొత్తగా సాగుభూమి కొనలేరు.

ప్రశ్న: మాకు పిల్లల్లేరు. గచ్చిబౌలిలో ఖర్చులు తట్టుకోలేక మలేసియాలోనో దుబాయ్‌లోనో రిటైర్మెంట్ వీసా తీసుకుందామనుకుంటున్నాం. మంచిదేనా?

జవాబు: మలేసియా 2002 నుంచి ఇలాంటి పథకం నడుపుతోంది, ఎమిరేట్స్ 55 దాటినవాళ్ళకు ఐదేళ్ళ వీసా ఇస్తోంది. రెండూ మీ డబ్బు చూసి ఇచ్చేవే. డబ్బు తగ్గితే వీసా పొడిగించరు. సరిగ్గా డబ్బు తరిగే వయసులో అక్కడి నుంచి లేచి రావాల్సి వస్తుంది. గచ్చిబౌలి ఖర్చు భరించలేకపోతే గచ్చిబౌలి మానండి, దేశం ఎందుకు మానడం? శంకర్‌పల్లి వైపు అద్దెలు కనుక్కోండి.