తీగలేని టెలిఫోన్

హోసూరులో ఒక అవ్వ ఒంటరిగా ఉంటోంది. ఆమె కూతురిది చిత్తూరు. అవ్వకు కళ్లు సరిగా కనబడవు. ఇంట్లో టెలిఫోన్ ఉన్నా, కూతురితో మాట్లాడాలంటే నంబరు నొక్కిపెట్టమని పక్కింటివారిని అడగవలసి వచ్చేది. వేసవి సెలవులకు వచ్చిన మనుమరాలితో, “రోజూ ఒకరిని బతిమాలుకోవాలంటే మొగమాటంగా ఉంది పాపా!” అన్నది అవ్వ.

ఆ ఇంట్లోది తీగలేని టెలిఫోన్. దీనిని కార్డ్‌లెస్ ఫోన్ అంటారు. ఇందులో రెండు భాగాలుంటాయి. ఒకటి పీఠం, రెండోది చేతిఫోను. టెలిఫోన్ తీగ, కరెంటు తీగ రెండూ పీఠానికే తగిలించి ఉంటాయి. పీఠానికీ చేతిఫోనుకూ మధ్య మాటలు రేడియో తరంగాల రూపంలో ప్రయాణం చేస్తాయి. అందువల్ల పెరట్లో కూర్చొని కూడా మాట్లాడవచ్చు. చేతిఫోనును తిరిగి పీఠం మీద పెడితే దానిలోని బ్యాటరీ ఛార్జి అవుతుంది. పెట్టడం మరిచిపోతే కొంతసేపటికి అది మూగబోతుంది.

ఈ ఫోన్లలో పేర్లు, నంబర్లు దాచుకొనే చోటును ఫోన్‌బుక్ అంటారు. మనుమరాలు మెనూ మీట నొక్కి ఫోన్‌బుక్ తెరిచింది. ఆ ఫోనులో తెలుగు అక్షరాలు లేవు. ‘అమ్మ’ అని ఇంగ్లీషు అక్షరాలతోనే రాయాలి. అంకెల మీటల మీదనే అక్షరాలుంటాయి. 2 మీద ఏ, బి, సి. 6 మీద ఎం, ఎన్, ఓ. 6ను ఒకసారి నొక్కితే ఎం, వెంటనే మరోసారి నొక్కితే ఎన్ వస్తుంది. పాప తొందరలో టకటక రెండుసార్లు నొక్కింది. ‘అమ్మ’ కాస్తా ‘అన’ అయింది! ఒక ఎం పడిన తరువాత క్షణం ఆగి నొక్కితేనే రెండో ఎం పడుతుంది. అమ్మ, అక్క, అత్త, అవ్వ - మన పిలుపులలో ద్విత్వాక్షరాలు ఎక్కువ కాబట్టి ఈ ఓపిక తప్పదు.

తరువాత అమ్మ సెల్‌ఫోన్ నంబరులోని పది అంకెలు చేర్చి, డయల్ చేసి చూసింది. ఫోను మోగలేదు. నంబరుకు ముందు సున్నా చేర్చమని ఒక గొంతు చెప్పింది. 2021 జనవరి 15 నుంచి మన దేశంలో ఇంటి టెలిఫోన్ నుంచి సెల్‌ఫోన్‌కు చేసేటప్పుడు ముందుగా సున్నా నొక్కాలి. చిత్తూరులోని ఇంటి ఫోనుకైతే 08572 అనే ఎస్.టి.డి. కోడ్ ముందుండాలి. బెంగళూరుకు 080, చెన్నైకి 044. కోడ్ పొడవుగా ఉన్న ఊళ్లలో ఫోన్ నంబరు పొట్టిగా ఉంటుంది. మొదటి సున్నాను వదిలి లెక్కిస్తే రెండూ కలిసి పదే అంకెలు!

సున్నా చేర్చినా అవ్వ కష్టం తీరలేదు. తెర మీది సన్నని అక్షరాలు ఆమెకు కనబడవు. అందుకని మనుమరాలు ఆ నంబరును 5 మీటకు జతచేసింది. ఆ మీట మీద చిన్న బుడిపె ఉంటుంది.

“అవ్వా, ఈ బుడిపె తగిలిన చోట కాసేపు నొక్కిపట్టు.”

అవ్వ వేలితో తడిమి నొక్కింది. చిత్తూరులో ఫోను మోగింది.

“ఈ రోజు ఎవరు చేసిచ్చారమ్మా?” అని కూతురు అడిగింది.

“నేనే చేసినానే!” అన్నది అవ్వ.

అయితే కరెంటు పోతే పీఠం పనిచేయదు, ఫోనూ పలకదు. అప్పుడు పక్కింటివారి సెల్‌ఫోనే దిక్కు. అందుకని మనుమరాలు నంబర్లన్నీ ఒక అట్ట మీద లావుపాటి అంకెలతో రాయసాగింది. అవ్వ పక్కనే కూర్చొని, “చిత్తూరు ఇంటి నంబరుకు కోడ్ మరువకుండా రాయి పాపా!” అని హెచ్చరించింది.