గర్భసంచి ముఖద్వారం కొలిచే స్కానింగ్ – ఏ పద్ధతి నమ్మదగినది?

"పొట్ట మీద స్కానింగ్ చేశారు కదా సిస్టర్, మళ్ళీ లోపలి నుంచి ఎందుకు? బిడ్డకేమైనా అవుతుందేమో!" ఐదో నెల స్కానింగుకు వచ్చే తల్లులు, వారి వెంట వచ్చే అత్తగార్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. భయపడి, సిగ్గుపడి వద్దనేవారూ ఉన్నారు. అందుకే ఈ సంగతి తెలుసుకుందాం.

ఎందుకు కొలవాలి?

గర్భసంచి ముఖద్వారాన్ని సర్విక్స్ అంటారు. నెలలు నిండేవరకు బిడ్డను లోపల నిలిపి ఉంచే తలుపు ఇదే. 24 వారాలలోపు దీని పొడవు 25 మిల్లీమీటర్లకు తగ్గితే, 37 వారాలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు తల్లికి నొప్పి ఉండకపోవచ్చు. కొలిస్తేనే తెలుస్తుంది.

మూడు పద్ధతులు

1. పొట్ట మీద నుంచి: ఇది సులువు, ఇబ్బంది లేదు. కాని మూత్రసంచి నిండుగా ఉంటే, ఆ ఒత్తిడికి సర్విక్స్ అసలు కంటే పొడవుగా కనబడుతుంది. ఖాళీగా ఉంటే సరిగా కనబడకపోవచ్చు. బిడ్డ తల కూడా అడ్డు రావచ్చు.

2. యోని బయట ఆనించి: ప్రోబ్ లోపలికి పెట్టరు. అయితే పేగులోని గ్యాస్ వల్ల సర్విక్స్ కింది చివర స్పష్టంగా కనబడకపోవచ్చు.

3. యోని లోపలి నుంచి: సన్నని ప్రోబుకు కొత్త తొడుగు వేసి చేస్తారు. ముందుగా మూత్రం పోసి రావాలి. దగ్గర నుంచి చూస్తారు కనుక స్పష్టంగా కనబడుతుంది. కొన్ని నిమిషాలు చూసి, కనీసం మూడుసార్లు కొలిచి, సరిగా వచ్చిన వాటిలో తక్కువ కొలతను రాస్తారు. మూడింటిలో ఇదే ఎక్కువ నమ్మదగినది.

ప్రోబ్ సర్విక్స్ లోపలికి వెళ్ళదు, బిడ్డను తాకదు. దీనివల్ల గర్భం పోదు. కొంచెం అసౌకర్యం ఉండవచ్చు. పక్కన నర్సు ఉండాలని అడగండి. నొప్పి అనిపిస్తే ఆపమని చెప్పండి.

పొట్టిగా ఉంటే?

కంగారుపడవద్దు. డాక్టరుగారు ప్రొజెస్టిరాన్ మందు యోనిలో పెట్టుకోమని రాయవచ్చు. ఇదివరకు నెలలు నిండకుండా కాన్పు అయినవారిలో కొందరికి సర్విక్సుకు కుట్టు వేస్తారు. రోజంతా మంచం మీద పడుకున్నంత మాత్రాన కాన్పు ఆగదు.

అందరికీ లోపలి స్కానింగ్ అవసరం రాదు. కాని ఇంతకుముందు నెలలు తక్కువ కాన్పు అయినా, ఐదారు నెలల్లో గర్భం పోయినా మొదటి చెకప్‌లోనే చెప్పండి. ఉమ్మనీరు కారినా, రక్తం కనబడినా, నొప్పులు వచ్చినా స్కానింగ్ తేదీ వరకు ఆగకండి. వెంటనే ఆసుపత్రికి రండి.