గ్యాస్ నొప్పి అనుకుని తెల్లవారేదాకా ఆగవద్దు

గుండెపోటుతో తెల్లవారుజామున వచ్చే రోగుల ఇంటివారు మాతో తరచుగా అనే మాట ఇది: "రాత్రి భోజనం చేశాక మొదలైందమ్మా. గ్యాస్ అనుకుని సోడా తాగించాం. తెల్లారాక చూద్దామనుకున్నాం." నర్సులుగా మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. ఆ పోయిన గంటలను ఏ మందూ తిరిగి తేలేదు.

గుండెపోటు అంటే ఏమిటి?

గుండె కండరానికి రక్తాన్ని అందించే నాళాలను కరోనరీ ధమనులు అంటారు. వీటి గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. మెట్లెక్కినప్పుడు ఛాతీ పట్టేసి, కూర్చుంటే తగ్గితే అది ఆంజైనా కావచ్చు. దాన్ని హెచ్చరికగా తీసుకోవాలి. పేరుకున్న కొవ్వు పొర చిట్లి, దానిపై రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే గుండెపోటు వస్తుంది. రక్తం అందని కండరం క్రమంగా చనిపోతుంది.

ఎలా గుర్తించాలి?

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్లు నొప్పి వస్తుంది. అది చేతికి, దవడకు, వీపుకు పాకవచ్చు. చల్లని చెమటలు, ఆయాసం, వాంతి కూడా ఉండవచ్చు. షుగరు ఉన్నవారికి, స్త్రీలకు, వృద్ధులకు ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే కనబడతాయి.

ఇంట్లో ఏం చేయాలి?

1. రోగిని నడిపించకండి. కూర్చోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.
2. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం ఉన్నవారు కాకపోతే 300 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలించండి.
3. నాలుక కింద పెట్టే మాత్ర డాక్టరు ముందే రాసిచ్చి ఉంటేనే వాడండి. బి.పి. పడిపోవచ్చు.

ఆసుపత్రిలో ఏం జరుగుతుంది?

రోగి వచ్చిన 10 నిమిషాల్లో ఇ.సి.జి. తీయాలి. మొదటి ఇ.సి.జి. బాగానే ఉన్నా గుండెపోటు లేదని చెప్పలేము. దెబ్బతిన్న కండరం నుండి ట్రోపోనిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. అది తొలి గంటల్లో కనబడకపోవచ్చు గనుక రక్తపరీక్ష మళ్లీ చేస్తాము. "రిపోర్టు బాగుంది కదా, ఇంకా ఎందుకు ఉంచారు?" అని దయచేసి విసుక్కోకండి.

నాళం పూర్తిగా మూసుకుందని ఇ.సి.జి. చూపితే దాన్ని వెంటనే తెరవాలి. సుమారు 2 గంటల్లోపు యాంజియోప్లాస్టీ జరిగే వీలుంటే అదే మేలు. వీలు లేకపోతే స్ట్రెప్టోకైనేజ్, టెనెక్టిప్లేస్ వంటి గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇస్తారు. దీన్ని నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత ఫలితం. పూర్వం పక్షవాతం గాని, మెదడులో రక్తస్రావం గాని వచ్చి ఉంటే దాచకుండా చెప్పండి. ఇంజక్షన్ తర్వాత కూడా యాంజియోగ్రామ్ కోసం పెద్ద ఆసుపత్రికి వెళ్లవలసి ఉంటుంది.

స్టెంట్ వేసిన తర్వాత బాగున్నామని మాత్రలు ఆపవద్దు. ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టవచ్చు. పన్ను తీయించుకోవలసి వచ్చినా ముందు గుండె డాక్టరును అడగండి.

చివరిగా ఒక మాట. అర్ధరాత్రి వచ్చాక అది గ్యాసేనని తేలితే మేము నవ్వము, కోప్పడము. సంతోషంగా ఇంటికి పంపుతాము.