చల్లని కొలనిలో ఈత

ప్రశ్న: చలికాలపు ఉదయములందు ఈతకొలనులో దిగిన పావుగంటకే మా పన్నెండేండ్ల అబ్బాయి వణకిపోవుచున్నాడు. ఉపాయమేమి?

జవాబు: ఉష్ణవాహకత్వమున నీరు గాలికంటె సుమారు 25 రెట్లు అధికము గనుక, ఒడ్డున హాయి గొలుపు ఉష్ణోగ్రతయే నీటిలో, అందునను బక్కపలుచని బాలునికి, శీతబాధ కలిగించుట సహజము. పందెములకు విధించిన 25 నుండి 28 డిగ్రీల నీరు ఎడతెగక ఈదువారికి చాలునుగాని, గట్టు పట్టుకొని వంతుకై వేచియుండు పిల్లలకు చాలదు; ఆ నిలుపుదలయే వణకునకు మూలమని నా దృఢమైన అభిప్రాయము. కావున దిగుటకు ముందు ఒడ్డుననే చేతులు కాళ్ళు బాగుగా ఆడించి, మొండెమును అంటిపెట్టుకొనియుండు నియోప్రీన్ చొక్కాయు, రబ్బరు టోపీయు తొడిగి, విరామములను కుదింపుడు. ఒంటియందలి వేడిమి అధికభాగము తలనుండియే పోవునను నమ్మకము సరికాదు. అయినను టోపీ తన మేరకు తోడ్పడును.

పెదవులు నీలివన్నెకు తిరిగినను, చేతివ్రేళ్ళు ఒకదానితో నొకటి చేరక విచ్చుకొనిపోవుచున్నను ఆ క్షణమే బయటకు రప్పింపుడు. వెలువడిన పిదపకూడ కొంతసేపు దేహాంతర్భాగమున ఉష్ణము తగ్గుచునే యుండును గనుక తడిబట్ట విప్పించి, ఒళ్ళు తుడిచి, ఉన్నిబట్టలు తొడిగి, గోరువెచ్చని పాలు త్రాగింపుడు.